హెచ్-ఇండెక్స్ చూసి స్ట్రోక్ గైడ్‌ను ఎంచుకోవచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి. డీఎం న్యూరాలజీ (నరాల వైద్యంలో సూపర్ స్పెషాలిటీ) అయిపోవస్తోంది. స్ట్రోక్ (పక్షవాతం) ఫెలోషిప్‌కు, అంటే ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకునే శిక్షణకు, రెండు చోట్ల అవకాశం వచ్చింది. మొదటి చోట ఉన్న సీనియర్ గారి గూగుల్ స్కాలర్ పేజీలో 410 పేపర్లు, 62 వేల సైటేషన్లు (ఇతరుల పేపర్లు ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 71 ఉన్నాయి. రెండో చోట సార్‌కు 58 పేపర్లు, 2,900 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 19. "ఇంత తేడా ఉంటే ఇంకా ఆలోచించడం దేనికి అని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

నిజం కాదు డాక్టర్ గారూ. ఆ అంకెల వల్ల ఆయన ఏ రకం పేపర్లలో పేరు పెట్టుకున్నారో కొంత తెలుస్తుంది. ఆయన దగ్గర మీరు ఏం నేర్చుకుంటారో మాత్రం వాటిలో దాదాపు కనపడదు. ఇద్దరి పేజీల్లోనూ ఎక్కువ సైటేషన్లు వచ్చిన మొదటి పది పేపర్లు తెరిచి చదవండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఎలా చదవాలో కాస్త వివరంగా చెబుతాను. నేను 20 ఏళ్లకు పైగా పక్షవాతం రోగులను చూస్తున్నాను. చాలా ఆసుపత్రులు కలిసి చికిత్సను పరీక్షించే కొన్ని మల్టీసెంటర్ ట్రయల్స్‌లో మా ఆసుపత్రి తరఫున పనిచేశాను, జర్నల్స్‌కు రివ్యూలు రాశాను, సెలెక్షన్ కమిటీల్లో కూర్చున్నాను. ఈ అంకెలు చూసి మోసపోయినవాళ్లను, ఈ అంకెలు లేక వెనకబడిపోయిన మంచి డాక్టర్లను, ఇద్దరినీ దగ్గర నుంచి చూశాను.

హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. 19 అంటే కనీసం 19 సైటేషన్లు వచ్చిన పేపర్లు 19 ఉన్నాయని. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒక్కో పేపర్‌లో పేరు ఎన్నో స్థానంలో ఉందో అది పట్టించుకోదు. రాసినవాళ్లు ముగ్గురా మూడు వందల మందా అన్నది కూడా దానికి అనవసరం. ఒకాయన జీవితంలో ఐదే పేపర్లు రాసి, ఒక్కోదానికి పది వేల సైటేషన్లు తెచ్చుకుంటే ఆయన హెచ్-ఇండెక్స్ 5 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడితో దాన్ని వదిలేద్దాం.

స్ట్రోక్ రంగంలో సైటేషన్లు వేలల్లోకి ఎలా వెళ్తాయన్నది అసలు విషయం. దానికి టోస్ట్ అనే స్ట్రోక్ వర్గీకరణ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మీరు రోజూ రౌండ్స్‌లో రాస్తూనే ఉంటారు: "టోస్ట్: లార్జ్ ఆర్టరీ", "టోస్ట్: కార్డియోఎంబాలిక్". మొదటిది పెద్ద రక్తనాళం జబ్బు వల్ల వచ్చినది, రెండోది గుండె నుంచి వచ్చిన గడ్డ వల్ల. టోస్ట్ అన్న పేరు ఒక మందు ట్రయల్‌ది. ఆర్గ్ 10172 అనే హెపారిన్ తరహా (రక్తం గడ్డకట్టనివ్వని) మందును అక్యూట్ (అప్పుడే వచ్చిన) స్ట్రోక్‌లో ఇచ్చి చూడాలని అమెరికాలో మొదలుపెట్టారు. ఆ మందు ఏ రకం స్ట్రోక్‌లో పనిచేస్తుందో విడివిడిగా చూడాలంటే ముందు రకాలు నిర్ణయించుకోవాలి కదా. అందుకోసం హెరాల్డ్ ఆడమ్స్ బృందం ఐదు గడుల వర్గీకరణ తయారుచేసి 1993లో 'స్ట్రోక్' జర్నల్‌లో వేసింది. ట్రయల్ ఫలితాలు 1998లో జామా అనే అమెరికా వైద్య జర్నల్‌లో వచ్చాయి. మూడు నెలల దగ్గర మందు వల్ల మేలు కనపడలేదు. ఆ మందును ఇవాళ స్ట్రోక్ వార్డులో ఎవరూ వాడరు. కానీ దానికోసం వేసుకున్న ఐదు గడులు మాత్రం ప్రపంచమంతా వ్యాపించాయి, ఆ పేపర్‌ను వేల సంఖ్యలో ఉదహరించారు, ఇంకా ఉదహరిస్తూనే ఉన్నారు.

ఇందులో తప్పేమీ లేదు. అది నిజమైన ఉపయోగం. హైదరాబాద్ నిమ్స్‌లో సుభాష్ కౌల్ గారి బృందం తమ స్ట్రోక్ రిజిస్ట్రీ (రోగుల వివరాలు వరుసగా నమోదు చేసే పట్టిక) వివరాలను 2002లో 'న్యూరాలజీ ఇండియా'లో ప్రచురించినప్పుడు, మన దగ్గర మెదడు లోపలి పెద్ద రక్తనాళాల జబ్బు పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువగా కనపడుతోందని చూపించగలిగారు. రోగులను ఒక పద్ధతి ప్రకారం గడుల్లో పెడితేనే అలాంటి పోలిక సాధ్యమవుతుంది. మనవాళ్ల గురించి మనం తెలుసుకోవడానికి అలాంటి వర్గీకరణ ఒక పనిముట్టు. పనిముట్టు చేసినవాళ్లకు సైటేషన్లు రావడం న్యాయమే.

అయితే అదే పనిముట్టును మంచం పక్కన నిలబడి చూస్తే వేరే సంగతులు తెలుస్తాయి. ఒక పెద్దాయనకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉంది, మెదడు దెబ్బతిన్న వైపు మెడ రక్తనాళం కెరోటిడ్‌లో 60 శాతం ఇరుకు కూడా ఉంది. టోస్ట్ ప్రకారం ఆయన "కారణం తేలనిది" గడిలోకి వెళ్తాడు, ఎందుకంటే రెండు కారణాలు ఉన్నాయి, ఏది అసలుదో చెప్పలేం. పక్క మంచంలో ఉన్నావిడకు ఎకో (గుండె స్కాన్), యాంజియో (రక్తనాళాల పరీక్ష) చేయించడానికి డబ్బు లేక పరీక్షలు ఆగిపోయాయి. ఆవిడా అదే గడి. మూడో మంచం కుర్రాడికి అన్ని పరీక్షలూ చేశాం, ఏమీ దొరకలేదు. అతనూ అదే గడి. ముగ్గురికీ రేపు ఇవ్వాల్సిన చికిత్స వేరు. మన దేశపు పేపర్లలో ఆ గడి అంకె పెద్దగా కనపడితే, అందులో జబ్బు ఎంత, బీదరికం ఎంత అని నేను ముందు చూస్తాను.

ఆ గడిని విడగొట్టాలని చాలామంది ప్రయత్నించారు. 2014లో ఈసస్ అనే భావన వచ్చింది: పరీక్షలన్నీ చేసినా మూలం దొరకని, గడ్డ వచ్చి ఇరుక్కున్నట్టు కనిపించే స్ట్రోక్‌లు. ఆ పేపర్‌ను కూడా విపరీతంగా ఉదహరించారు. వీళ్లకు ఆస్పిరిన్ బదులు కొత్త రకం రక్తం పలచబరిచే మందులు ఇస్తే బాగుంటుందన్న ఆశతో పెద్ద ట్రయల్స్ నడిచాయి. 2018లో రివరాక్సబాన్‌తో నావిగేట్, 2019లో డాబిగాట్రాన్‌తో రీస్పెక్ట్. రెండిటిలోనూ ఆస్పిరిన్ కంటే మేలు తేలలేదు. నావిగేట్‌నైతే మేలు లేకపోగా రక్తస్రావాలు పెరిగాయని ముందే ఆపేశారు. కాబట్టి మీ సీనియర్ పేజీలో ఇలాంటి పేపర్ కనిపిస్తే, ఆ భావన తర్వాత ఏమైందో కూడా వెతకండి. సైటేషన్ అంకె ఆ కథ చెప్పదు. ఆ ఆలోచన సరిగ్గా కుదరలేదని రాసిన ప్రతి పేపరూ అదే అంకెకు ఒకటి కలుపుతుంది.

నేను పేపర్ చదివేటప్పుడు ఒక సైటేషన్ ఆ పేపర్‌లో ఎక్కడ కూర్చుందో చూస్తాను. టోస్ట్ ఎక్కువగా 'మెథడ్స్'లో ఉంటుంది, అంటే నిజంగా వాడారు. జెఫ్రీ సేవర్ 2006లో రాసిన చిన్న పేపర్ ఒకటుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని లెక్క కట్టింది. అది ఎక్కువగా మొదటి పేరాలో ఉంటుంది. ఆ వాక్యం లేకుండా మన కాన్ఫరెన్స్‌లలో స్లైడ్లే మొదలవ్వవు. ఆ పేపర్ వల్ల ఎంతోమందికి తొందర అంటే ఏమిటో అర్థమైంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒకరి లెక్కను నిర్మాణంలో వాడడం వేరు, గుమ్మానికి తోరణంలా కట్టడం వేరు. రెండూ సైటేషన్ ఖాతాలో ఒక్కొక్కటిగానే పడతాయి.

ఇక ఇంకో పెద్ద వనరు ఉంది: గైడ్‌లైన్లు, ఏటా వచ్చే గణాంకాల నివేదికలు, ఏ జబ్బు ప్రపంచానికి ఎంత భారమో లెక్కకట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పేపర్లు. వీటిలో రచయితలు పదుల్లో, కొన్నిసార్లు వందల్లో, వేలల్లో ఉంటారు. ఒక్కో పేపర్‌కు వేల సైటేషన్లు వస్తాయి. అవి ప్రతి రచయిత ఖాతాలోనూ పూర్తిగా పడతాయి, పంచుకోవడం ఉండదు. ఒక దేశం నుంచి డేటా పంపి, డ్రాఫ్ట్ చదివి కామెంట్లు రాసినవాళ్లకు కూడా అంతే జమ అవుతుంది. అది నిజమైన పనే, నేనూ చేశాను, వారాల తరబడి పడుతుంది కూడా. కానీ 62 వేలలో 40 వేలు అక్కడి నుంచే వచ్చి ఉంటే, మీకు దొరికే గైడ్ 62 వేల మనిషి కాదు. మీ మొదటి సార్ పేజీలో మొదటి పది పేపర్లలో ఇలాంటివి ఎన్నో లెక్కపెట్టి పక్కన పెట్టండి. మిగిలినదాన్ని చూడండి.

పేర్ల వరుస గురించి చెప్పాలి. ట్రయల్ పేపర్‌లో మొదటి పేరు సాధారణంగా ఎక్కువ శ్రమ పడి రాసినవాళ్లది, చివరి పేరు ఆలోచన, డబ్బు, బాధ్యత మోసిన సీనియర్‌ది. మధ్యలో ఉన్నవాళ్లలో గొప్పగా పనిచేసినవాళ్లూ ఉంటారు, రోగులను చేర్చినందుకు చోటు దొరికినవాళ్లూ ఉంటారు. అసలు పేర్లే లేని పేపర్లు కూడా మన రంగంలో ఉన్నాయి. స్ట్రోక్ చికిత్సను మార్చిన పేపర్ ఒక్కటి చెప్పమంటే చాలామంది 1995 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన నిండ్స్ ట్రయల్ అంటారు. 624 మంది రోగులు, మూడు గంటల లోపు టీపీఏ (గడ్డను కరిగించే మందు). ఆ పేపర్ రచయిత స్థానంలో ఉన్నది ఒక స్టడీ గ్రూప్ పేరు. చికిత్స పొందినవాళ్లలో మూడు నెలలకు వైకల్యం లేకుండా లేదా చాలా స్వల్పంగా మిగిలే అవకాశం కనీసం 30 శాతం పెరిగింది. లక్షణాలతో కూడిన మెదడు రక్తస్రావం 0.6 నుంచి 6.4 శాతానికి పెరిగింది. ఆ ట్రయల్లో దాదాపు సగం మందికి మొదటి 90 నిమిషాల్లోనే మందు పెట్టేలా ఏర్పాటు చేసుకున్నారు. 1990ల తొలి రోజుల్లో, సీటీకి పంపి, రిపోర్ట్ చూసి, 90 నిమిషాల్లో మందు ఎక్కించడం అంటే ఎమర్జెన్సీ వార్డును మొత్తం తిరగరాయాలి. ఆ పని చేసిన నర్సులు, ఎమర్జెన్సీ డాక్టర్లు, న్యూరాలజిస్టులు ఎంతోమంది. వాళ్ల హెచ్-ఇండెక్స్‌లలో ఆ పేపర్ సరిగ్గా కనపడకపోవచ్చు. ఆస్పిరిన్ మీద 1997లో వచ్చిన ఇంటర్నేషనల్ స్ట్రోక్ ట్రయల్ కూడా 19,435 మందితో, గ్రూప్ పేరుతోనే వచ్చింది.

పేర్ల వరుస గురించి నాకు సొంత అనుభవం ఒకటి ఉంది. నా మొదటి పేపర్‌కు 11 నెలల పాటు రోగుల వివరాలు నేనే సేకరించాను. రాత్రి డ్యూటీలో ఫారాలు నింపి, డిశ్చార్జ్ అయినవాళ్లకు సొంత డబ్బుతో ఫోన్లు చేశాను. అచ్చయ్యాక చూస్తే నా పేరు నాలుగోది. పైనున్న ముగ్గురిలో ఇద్దరు ఆ ఫారం ఒక్కటి కూడా చూడలేదు. ఆ రోజు మెస్‌లో అన్నం తినకుండా రూమ్‌కు వెళ్లిపోయాను. ఇప్పటికీ ఎవరి పేజీలోనైనా ఏడాదికి 40 పేపర్లు కనిపిస్తే ఆ రోజే గుర్తొస్తుంది. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలో లేదా డేటాలో గట్టి పాత్ర, రాయడంలో లేదా దిద్దడంలో పాత్ర, చివరి రూపానికి ఒప్పుకోలు, మొత్తం పనికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. వారానికో పేపర్ చొప్పున నాలుగూ నెరవేర్చడం మనిషికి సాధ్యమా అని మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఈ అంకెలన్నీ దేని మీద నిలబడి ఉన్నాయో చూపిస్తాను.

స్ట్రోక్ ట్రయల్స్‌లో ఎక్కువగా ఫలితం అంటే 90వ రోజు మోడిఫైడ్ ర్యాంకిన్ స్కేల్. గ్లాస్గోలో జాన్ ర్యాంకిన్ 1957లో వేసిన స్కేల్‌కు ఇది సవరించిన రూపం. 0 అంటే లక్షణాలే లేవు, 6 అంటే మరణం. 2 వస్తే తన పనులు తాను చూసుకోగలడు, 3 వస్తే నడవగలడు కానీ కొంత సాయం కావాలి. చాలా ట్రయల్స్‌లో 2 దగ్గర గీత గీస్తారు: 0 నుంచి 2 వరకు మంచి ఫలితం, ఆ పైన కాదు. ఆ గీత మీద కోట్ల రూపాయల మందులు నిలుస్తాయి, పడిపోతాయి.

ఆ అంకె ఎలా వస్తుందంటే, 90వ రోజు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కోడలు ఎత్తుతుంది. "మామయ్య గారు ఎలా ఉన్నారమ్మా?" "బాగున్నారండీ, అన్నీ చేసుకుంటున్నారు." ఇక్కడ ఫోన్ పెట్టేస్తే 1 అని రాయొచ్చు. తెలిసినవాళ్లు పెట్టేయరు. "స్నానం ఎవరు చేయిస్తున్నారు?" "నీళ్లు పెడితే ఆయనే పోసుకుంటారు." "చొక్కా గుండీలు?" "అవి మా అత్తయ్య పెడుతుంది." "పెన్షన్ తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్తున్నారా?" "లేదండీ, మేమే పంపడం లేదు, పడిపోతారేమోనని భయం." ఇప్పుడు ఏం రాయాలి? ఆయన వెళ్లలేడా, లేక పంపడం లేదా? స్కేల్ అడిగేది చేయగలడా లేదా అని. మన ఇళ్లలో ప్రేమతో పని చేయనివ్వరు, దాని వల్ల 2 రావాల్సిన మనిషికి 3 వస్తుంది. అందుకే ఫోన్ ఆయనకే ఇవ్వమని, ఆయనతోనే మాట్లాడాలి. మాట తడబడుతుంటే ఓపిక పట్టాలి. ఒక్కో కాల్‌కు 20 నిమిషాలు పడుతుంది. వంద మంది రోగులుంటే వంద కాల్స్, ఎత్తనివాళ్లకు మూడేసి, నాలుగేసి సార్లు.

ఈ స్కేల్‌ను ఇద్దరు డాక్టర్లు వేస్తే ఎంతవరకు కలుస్తుందో కొలిచిన 1988 నాటి పేపర్‌ను కూడా వేలమంది ఉదహరించారు. అది న్యాయమైన కీర్తి. కానీ ఆ ఫోన్ ఓపిగ్గా చేయడం నేర్పే గైడ్ దొరికితే, అది మీ జీవితాంతం పనికొస్తుంది. ఏ ప్రొఫైల్ పేజీలోనూ దానికి అంకె లేదు.

ఓడిపోయిన ట్రయల్స్ గురించి మాట్లాడకుండా ఈ జవాబు పూర్తి కాదు. గడ్డను తీగతో బయటికి లాగే థ్రాంబెక్టమీ ఇవాళ మనకు మామూలైపోయింది. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో మూడు ట్రయల్స్ వచ్చాయి: ఐఎంఎస్ 3, సింథసిస్, ఎంఆర్ రెస్క్యూ. మూడూ మేలు చూపించలేదు. ఆ ఏడాది ఒక సభలో పెద్దలు కొందరు ఇక ఈ చాప్టర్ అయిపోయింది అనడం నేను విన్నాను. కానీ ఆ పేపర్లను జాగ్రత్తగా చదివినవాళ్లకు కారణాలు కనపడ్డాయి. కొందరు రోగుల్లో పెద్ద నాళం మూసుకుపోయిందని ముందుగా యాంజియోలో నిర్ధారించలేదు, పరికరాలు పాతవి, ఆలస్యం ఎక్కువ. 2015లో నెదర్లాండ్స్ నుంచి ఎంఆర్ క్లీన్ 500 మందితో వచ్చింది, మేలు స్పష్టంగా కనపడింది. వెంటనే ఎస్కేప్, ఎక్స్‌టెండ్-ఐఏ, స్విఫ్ట్ ప్రైమ్, రీవాస్కాట్ వచ్చాయి. ఐదింటినీ కలిపి 1,287 మంది మీద చేసిన హెర్మీస్ విశ్లేషణ 2016లో లాన్సెట్‌లో వచ్చింది. ఒకరికి వైకల్యం ర్యాంకిన్ స్కేల్ మీద కనీసం ఒక మెట్టు తగ్గడానికి ఎంతమందికి చికిత్స చేయాలంటే 2.6 అని తేలింది. మెడిసిన్‌లో ఇంత చిన్న అంకె అరుదు. ఎస్కేప్‌కు, హెర్మీస్‌కు మొదటి రచయిత మయాంక్ గోయల్, ఎయిమ్స్‌లో చదివి కాల్గరీ వెళ్లిన న్యూరోరేడియాలజిస్ట్. ఇక 2013 పేపర్లు రాసినవాళ్ల నిజాయితీ లేకపోతే 2015 రాదు అని నేను గట్టిగా నమ్ముతాను.

మన దేశానికి వస్తే, అటెండ్ ట్రయల్ నా మనసుకు చాలా దగ్గరిది. 14 భారతీయ ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులు. ఫిజియోథెరపీ దొరకని దేశంలో ఇంట్లోవాళ్లకే వ్యాయామాలు నేర్పిస్తే ఎలా ఉంటుందన్నది ప్రశ్న. ఇది మన ప్రశ్న, మన ఊళ్ల ప్రశ్న. 2017లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది: ఆరు నెలల తర్వాత మరణం లేదా ఇతరుల మీద ఆధారపడడం రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా లేదు. తర్వాత స్ప్రింట్ ఇండియా: ఐసీఎంఆర్ సాయంతో 31 కేంద్రాలు, 4,298 మంది. ఎస్ఎంఎస్‌లు, వీడియోలు, వర్క్‌బుక్ పలు భారతీయ భాషల్లో ఇచ్చి రెండో స్ట్రోక్‌ను ఆపగలమా అని చూశారు. ఏడాదికి తేడా రాలేదు, 2023లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అలాగే రాశారు. రెండింటి వెనకా లూధియానా సీఎంసీకి చెందిన జయరాజ్ పాండియన్ గారి శ్రమ ఉంది. ఆయన తర్వాత వరల్డ్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ అధ్యక్షులయ్యారు.

గెలిచిన మందు ట్రయల్‌కు వచ్చే సైటేషన్లు ఇలాంటివాటికి సాధారణంగా రావు. కానీ అటెండ్ రాకపోయి ఉంటే, "ఇంట్లోవాళ్లే చేయిస్తారులే" అని ఫిజియో పోస్టులు భర్తీ చేయకుండా ఉండడానికి మంచి సాకు దొరికేది. ఆ సాకును ఆ పేపర్ తీసేసింది. దీన్ని ప్రభావం అనకపోతే ఇంకేమంటాం?

దీనికి పూర్తి విరుద్ధం జంతు ప్రయోగాల్లో కనపడుతుంది. 2006లో 'యానల్స్ ఆఫ్ న్యూరాలజీ'లో వచ్చిన ఒక సమీక్ష, అక్యూట్ స్ట్రోక్‌లో న్యూరాన్లను కాపాడతాయని ప్రయోగించిన చికిత్సలను లెక్కపెట్టింది. 1,026 తేలాయి. వాటిలో చాలావాటి వెనక పేపర్లు, సైటేషన్లు, ప్రమోషన్లు ఉన్నాయి. మీ వార్డులో అలాంటి మందు ఏదైనా నిజంగా పనిచేస్తుందని మీరు ధైర్యంగా రాయగలరా? అదే ఏడాది సెయింట్ 1 ట్రయల్ ఎన్ఎక్స్‌వై-059 అనే అలాంటి మందు పనిచేస్తుందని ఆశ పెట్టింది, 2007లో మరింత పెద్దదైన సెయింట్ 2 ఆ ఆశను తుడిచేసింది.

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. గూగుల్ స్కాలర్‌లో పేర్లు కలిసిపోతాయి, మన పేర్లయితే మరీను. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట ఒక్క అక్షరం, ఇంకోచోట అసలు ఉండదు. రెడ్డి, రావు అని వైద్య పేపర్ల సూచిక అయిన పబ్‌మెడ్‌లో వెతికితే దంతవైద్యం నుంచి వ్యవసాయం దాకా వస్తాయి. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే విడి గుర్తింపు సంఖ్య) ఉంటే దాంతో చూడండి, మీరూ ఇప్పుడే ఒకటి తీసుకోండి. స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్‌లో సొంత సైటేషన్లు తీసేసి చూసే వీలుంది. అమెరికా ఎన్ఐహెచ్ వాళ్ల ఐసైట్ అనే వెబ్‌సైట్ ఉచితం. అందులో ఒక పేపర్‌ను అదే రంగంలో, అదే ఏడాది వచ్చినవాటితో పోల్చిన అంకె దొరుకుతుంది. అఫేసియా (స్ట్రోక్ వల్ల మాట దెబ్బతినడం) రీహాబ్ మీద పనిచేసేవాళ్లను థ్రాంబెక్టమీ వాళ్లతో పోల్చే అన్యాయం దాంతో కొంత తగ్గుతుంది. పేపర్ వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడండి. స్ట్రోక్ రోగుల్లో ఫోలేట్, బీ12 ఇస్తే తుంటి ఎముక విరగడం తగ్గుతుందని 2005లో జామాలో వచ్చిన జపాన్ పేపర్‌ను 2016లో వెనక్కి తీసుకున్నారు. ఈలోగా 11 ఏళ్ల పాటు దాన్ని నమ్మి ఉదహరించినవాళ్లు ఉన్నారు. డబ్బు కడితే అచ్చేసే జర్నల్స్ సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కొత్త కాదు. ఇక్కడి నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది.

ఏటా పత్రికల్లో వచ్చే "స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు" వార్త గురించి కూడా అడుగుతారు కాబట్టి: అది అక్కడి ప్రొఫెసర్ జాన్ ఐయొనిడిస్ బృందం స్కోపస్ లెక్కలతో తయారుచేసే పట్టిక. ఒంటరిగా, మొదటి, చివరి రచయితగా రాసినవాటికి అది విడిగా విలువ ఇస్తుంది. అందువల్ల ఉత్త సైటేషన్ల కంటే కొంత నయం. కెరీర్ మొత్తానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి, రెండు పట్టికలు ఉంటాయి. వార్తలో ఏదో చెప్పరు, మీరు అడగండి.

మీ ఇద్దరు సీనియర్ల దగ్గరికి తిరిగి వస్తాను. మొదటాయన పేజీలో గైడ్‌లైన్లు, బర్డెన్ పేపర్లు తీసేశాక కూడా ఆయన మొదట్లోనో చివర్లోనో ఉన్న పేపర్లు గట్టిగా మిగిలితే, అవి పదేళ్లుగా ఒకే ప్రశ్న వెంట నడుస్తుంటే, కళ్లు మూసుకుని వెళ్లండి. పెద్ద కేంద్రం, పెద్ద ట్రయల్స్, విదేశీ సహకారం మీకు నిజమైన లాభం. మిగలకపోతే ఆ 71 మీది కాదు, ఆయనది కూడా పూర్తిగా కాదు.

రెండో సార్ 58 పేపర్లలో ఆయన చివరి రచయితగా ఉన్నవి వెతికి, వాటి మొదటి రచయితలు ఎవరో చూడండి. వాళ్లు ఆయన పాత ఫెలోలేనా? వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఇద్దరికైనా ఫోన్ చేయండి. "సార్ డ్రాఫ్ట్ ఎన్ని రోజుల్లో దిద్ది ఇస్తారు, మీ పేరు ఎక్కడ పెట్టారు" అని సూటిగా అడగండి. మనవాళ్లు ఫోన్లో నిజం చెబుతారు, మెయిల్‌లో చెప్పరు. ఆయన పేపర్లలో ఫలితం రాని పని కనీసం ఒకటైనా ఉందేమో చూడండి. ఉంటే నాకు ఆయన మీద నమ్మకం పెరుగుతుంది.

మీరు రాసినంతవరకు చూస్తే నా మొగ్గు రెండో ఆయన వైపే ఉంది, ఒక కారణం వల్ల. ఆయన యూనిట్‌కు సొంత స్ట్రోక్ రిజిస్ట్రీ ఉందని మీరు మధ్యలో ఒక మాటగా రాశారు. ఫెలోకు అది బంగారం. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ రిజిస్ట్రీ చూపించమని మర్యాదగా అడగండి. పేపర్ మీద ఉన్నా, కంప్యూటర్‌లో ఉన్నా ఫరవాలేదు. గత ఏడాది రోగుల్లో ఒక 30 మందిని తీసుకుని, "చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం" అన్న గడిలో గంటా నిమిషాలు రాశారా, లేక "ఉదయం" అని రాసి వదిలేశారా చూడండి. తర్వాత చివరి పేజీకి వెళ్లి, 90వ రోజు ర్యాంకిన్ గడి ఆ 30 మందిలో ఎంతమందికి నిండి ఉందో లెక్కపెట్టండి.